నాయన మంచం ఎదుటి మీటరు

మా వీధిలో మరమగ్గాలు ఆగితే తప్ప ఒకరి మాట ఒకరికి వినపడదు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ నేను అరుస్తూనే మాట్లాడుతున్నాను. పెళ్ళిచూపుల్లో పిల్లను పేరేమిటని మామూలుగానే అడిగితే, గదమాయిస్తున్నాననుకుని వాళ్ళ నాయన లేచి నిలబడ్డాడు. ఆ పిల్ల, భువనేశ్వరి, ఇప్పుడు నాకంటే గట్టిగా అరుస్తుంది. నగరి ఊరి పక్కన పారే వంకకు అవతల ఉన్న మా నేతగాళ్ళ కాలనీలో నలభై ఇళ్ళున్నాయి. నలభై ఇళ్ళలోనూ ఇదే వరస.

మా నాయన ఏకాంబరం ఒక్కడే అరవలేడు. యాభై ఏళ్ళు దూది నూగు పీల్చి పీల్చి ఆయన ఊపిరితిత్తులు పనికిరాకుండా పోయాయి. రెండేళ్ళుగా ముక్కుకు గొట్టం, మంచం పక్కన ఆక్సిజన్ మెషిను. గాలిలోంచి ఆక్సిజన్ తీసి ఇచ్చే ఆ పెట్టె కరెంటు మీద నడుస్తుంది. అది ఆగితే పది నిమిషాల్లో ఆయన పెదాలు నల్లబడతాయి. అరగంట దాటితే ఏమవుతుందో డాక్టరు చెప్పలేదు, మేమూ అడగలేదు.

కరెంటు కోతల భయంతోనే పోయిన ఏడు మిద్దె మీద సోలార్ పలకలు వేయించాను. మెట్ల గదిలో నాలుగు బ్యాటరీలు, ఒక ఇన్వర్టరు పెట్టాము. మగ్గాలది వేరే కనెక్షను, దీనితో సంబంధం లేదు. పుత్తూరు నుంచి వచ్చిన రూపేష్ అనే కుర్రాడు మొత్తం బిగించాడు. మంచి పనివాడే. ఒక్క మీటరు దగ్గర మాత్రం మా ఇద్దరికీ పడలేదు. పలకలు ఎంత కరెంటు పుట్టిస్తున్నాయో లెక్క తెలియాలంటే మీటరు మిద్దె మీద, పలకల పక్కనే ఉండాలని అతనన్నాడు. నాకు అది కింద ముందుగదిలో, వచ్చినవాళ్ళందరికీ కనపడేటట్టు కావాలి. పైగా నాకొక వాదన ఉంది. మగ్గం ఎంత పని చేసిందో తెలియాలంటే మేము నూలును కొలవం, రోలరుకు చుట్టుకున్న గుడ్డను కొలుస్తాం. తాత కాలం నుంచీ అదే లెక్క. కాబట్టి కరెంటు ఇంట్లోకి దిగే చోటే మీటరు పెట్టమన్నాను. "అది వేరే లెక్కన్నా" అని అతను ఏదో చెప్పబోయాడు. నాలుగు మగ్గాలూ ఆడుతున్నాయి. నాకు సగమే వినపడింది, మిగతా సగం వినాలని నేను మగ్గం ఆపలేదు. అతను భుజాలెగరేసి, నేను వేలు చూపించిన చోట, నాయన మంచానికి ఎదురుగా గోడకు బిగించి వెళ్ళిపోయాడు.

ఆ మీటరుకు ఒక ఎర్ర చుక్క ఉంది. కరెంటు పారుతుంటే కొట్టుకుంటూ ఉంటుంది. దాని పక్కన అంకెలు. రోజూ పొద్దున్నే లేచి, నిన్నటికీ ఇవాళ్టికీ తేడా గోడ మీద సుద్దతో రాసేవాణ్ణి. తొమ్మిది యూనిట్లు. తొమ్మిదిన్నర. తొమ్మిది. ఎండ మండిపోయిన రోజూ తొమ్మిదే, ముసురు పట్టిన రోజూ తొమ్మిదే. పక్కింటి చెంగయ్య వచ్చి చూసి నోరెళ్ళబెట్టేవాడు. మబ్బు పట్టినా మా పలకలు తగ్గవని, సరుకు అలాంటిదని చెప్పుకునేవాణ్ణి. ఆయుధపూజ నాడు మగ్గాలతో పాటు మీటరుకూ బొట్టు పెట్టాను. ముసురులో కూడా లెక్క ఎందుకు తగ్గలేదో ఒక్కసారైనా ఆలోచించలేదు. తలకెక్కిన గొప్ప దిగేదాకా మనిషికి లెక్కలు రావు.

అంతటితో ఆగానా? అత్యవసరానికని ముందుగదిలో పెద్ద ఆక్సిజన్ సిలిండరు ఒకటి ఉండేది. రెండుసార్లు దానికి కాలి బొటనవేలు తగిలింది. తొమ్మిది యూనిట్ల ఇంట్లో ఈ ఇనుప దుంగ ఎందుకని, అక్టోబరులో దాన్ని ఏజెన్సీకి తిప్పి పంపేశాను. భువనేశ్వరి వద్దంది. దాని మానాన అది ఉంటే నీకేం బరువని రెండు రోజులు పోట్లాడింది. నేను గోడ మీది సుద్ద అంకెలు చూపించాను.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. దీన్ని చెప్పడానికి నాకు సిగ్గుగా ఉంది. ఒకరోజు పొద్దున నాయన మంచంలోంచి చెయ్యెత్తాడు. మగ్గం ఆపకుండానే వెళ్ళి ఆయన నోటి దగ్గర చెవి పెట్టాను.

"మౌళీ, మన సూర్యుడు రాత్రి గూడా పని చేస్తా ఉండాడే" అన్నాడు.

పడీపడీ నవ్వాను. టీ అంగడి దగ్గర పదిమందికి చెప్పి నవ్వించాను. వారం రోజులు కాలనీలో ఎవరు ఎదురుపడినా మీ సూర్యుడికి రాత్రి డ్యూటీనా అని అడిగేవాళ్ళు. నాయన ఆ తర్వాత ఇంకో రెండుసార్లు అదే మాటెత్తాడు. ఊపిరి వృథా చేసుకోవద్దు నాయనా, పడుకో అన్నాను.

డిసెంబరులో తుపాను పట్టింది. మూడు రోజులు వాన తెరిపివ్వలేదు. మూడో రోజు తెల్లవారుజామున ఐదింటికి కరెంటు పోయింది. ఎక్కడో స్తంభాలు కూలాయనీ, రెండు రోజుల దాకా రాదనీ కబురొచ్చింది. మా మెషిను మాత్రం గుర్రుమంటూ నడుస్తూనే ఉంది. రాత్రి మెట్ల గదిలో చూసినప్పుడు బ్యాటరీల నాలుగు లైట్లూ పచ్చగా వెలుగుతున్నాయి. నాకు దిగులేమీ లేదు.

ఏడింటికి ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది. వంక పొంగేలోపల నాయనను ఇవతలికి తెచ్చేస్తే మంచం సిద్ధంగా ఉందని చెప్పారు. భువనేశ్వరి అప్పటికే సంచి సర్దింది. దుప్పటి, మందులు, ఫ్లాస్కు. ఆటో కూడా వాకిట్లోకి వచ్చింది. నేను మీటరు చూశాను. ఐదింటి నుంచి అది యూనిట్‌కు కాస్త తక్కువగా తిరిగి ఉంది. తెల్లారిందో లేదో, ఆకాశం తారు పూసినట్టుంది, అయినా అంత వచ్చిందంటే పొద్దెక్కితే ఎంత వస్తుంది? మనం వాడుకునేదంతా పలకలే ఇస్తున్నాయి, బ్యాటరీలు ఇంకా ముట్టుకోనట్టే ఉన్నాయి అని లెక్క తేల్చాను. ఈ వానలో, చలిగాలిలో ఆయన్ను కదిలిస్తేనే ప్రమాదమని ఆటోను వెనక్కి పంపేశాను. భువనేశ్వరి సంచిని మాత్రం విప్పలేదు.

పది గంటలకు వంక రోడ్డు మీదికెక్కింది.

అప్పటికి కాలనీలో ఎవరికీ కరెంటు లేదు, ఫోన్లు చచ్చిపోతున్నాయి. ఒక్కొక్కరే మా ఇంటికి వచ్చారు. చెంగయ్య తన ఫోనుతో పాటు కోడలి ఫోను, కొడుకు ఫోను తెచ్చాడు. పది దాటేసరికి మా ముందుగదిలో ఇరవై ఫోన్లు పేర్చి ఉన్నాయి. తాగడానికి నీళ్ళు లేవని ఆడవాళ్ళు బిందెలతో వచ్చారు. బోరు మోటారు వేశాను. గంటన్నర సేపు వీధంతా మా గొట్టం దగ్గరే వరస కట్టింది. ఎవరో పసిపిల్లకు పాలు కాచుకుంటామంటే కరెంటు పొయ్యి కూడా వేశాను. ఆ రెండు గంటలూ నేను మహారాజును. వద్దన్నది భువనేశ్వరి ఒక్కతే. మోటారు ఆపమని రెండుసార్లు అంది. మీటరు చూడు, ఎంత జోరుగా తిరుగుతోందో అన్నాను. నిజంగానే జోరుగా తిరుగుతోంది.

పన్నెండుంపావుకు ఆఖరి బిందె నిండింది. మోటారు ఆపాను. జనం వెళ్ళిపోయారు. అప్పుడు గమనించాను, కాలనీలో ఒక్క మగ్గం కూడా ఆడటం లేదు. వాన చప్పుడు, మెషిను గుర్రు, అంతే. నాయన చెయ్యెత్తాడు. ఈసారి నాకు సాకేమీ లేకపోయింది. వెళ్ళి మంచం మీద కూర్చున్నాను.

"అప్పా, ఆ ఎర్ర సుక్కను సూడు" అన్నాడు. రెండు మాటలకొకసారి ఆగుతున్నాడు. "నువ్వు మోటారు ఏసినప్పుడు బిరబిరా కొట్టుకున్నాది. ఆపినాక మెల్లంగా కొట్టుకుంటా ఉండాది." మళ్ళీ ఊపిరి తీసుకున్నాడు. "మనం మోటారు ఏసినామని సూర్యుడికెట్ల తెలుస్తాది?"

నేను మీటరు వైపు చూశాను. చుక్క నింపాదిగా కొట్టుకుంటోంది.

"గుడ్డను సూసి లెక్కేస్తా ఉండావు. పడుగు యాడికొచ్చిందో సూడు."

గుడ్డ ఎంత నేశామో రోలరు చెబుతుంది. పడుగు నూలు ఎంత మిగిలిందో చెప్పదు. అది తెలియాలంటే మగ్గం వెనక్కి వెళ్ళి, ఆ నూలు చుట్టి ఉన్న బీము చూడాలి. ఏడేళ్ళ వయసులో నాకు ఆయనే నేర్పించిన మాట.

మిద్దె మీదికి పరుగెత్తాను. పలకల నుంచి వచ్చే తీగకు మెట్ల గదిలో ఒక స్విచ్చి ఉంది. దాన్ని కిందికి లాగేశాను. ఇప్పుడు ఎండ నుంచి వచ్చే కరెంటు సున్నా. పలకలు కరెంటు ఇస్తున్నందుకే మీటరు తిరుగుతుంటే, అది ఆగిపోవాలి. ఆగిందా అని కింద మీటరు దగ్గరున్న భువనేశ్వరికి కేకేశాను.

వానలో నా గొంతు వినపడలేదేమోనని ఇంకోసారి కేకేశాను. వినపడింది. ఆమె మీటరునే చూస్తోంది.

"లేదు. ఇంకా కొట్టుకుంటానే ఉండాది" అంది.

అంటే ఏడాదిగా నేను గోడ మీద రాసింది ఎండ లెక్క కాదు, మేము వాడుకున్న లెక్క. పలకలు ఇచ్చినా, బ్యాటరీలు ఇచ్చినా, రాత్రిపూట స్తంభం నుంచి వచ్చిన కరెంటు అయినా, ఇంట్లోకి దిగిన ప్రతి చుక్కనూ ఆ మీటరు లెక్కపెట్టింది. అందుకే ముసురులోనూ తొమ్మిదే. ఈ పొద్దున అది జోరుగా తిరిగిందంటే, నాయన ఊపిరి జోరుగా కరిగిపోతోందని అర్థం. బిందెల్లో పోసి వీధికంతా పంచింది నేనే. వెనక్కి తిరిగి బ్యాటరీలు చూశాను. నాలుగు లైట్లలో మూడు ఆరిపోయాయి. నాలుగోది ఎర్రగా ఉంది. నేను చూస్తుండగానే ఇన్వర్టరు కీచుమని అరవడం మొదలుపెట్టింది.

స్విచ్చి మళ్ళీ పైకి లేపాను. దూది నూగు పట్టి మాసిపోయిన పలకల మీద వాన పడుతోంది. వాటి నుంచి వచ్చేది ఏ మూలకూ చాలదు. కిందికి దూకి ఫ్రిజ్జు, ఫ్యాన్లు, ఫోన్లు అన్నీ పీకేశాను. రూపేష్‌కు ఫోను చేస్తే ఒక్క మెషిను మీదే అయితే పదిహేను నిమిషాలు రావచ్చు, ఇరవై అని మాత్రం నమ్మొద్దన్నాడు. ఆ రోజు చెప్పబోయింది ఇదేనన్నా అని అతను అనలేదు. అనుంటే నాకు కాస్త తేలికయ్యేది. భువనేశ్వరి అప్పటికే నూటెనిమిదికి ఫోను చేసింది. బండి వంక అవతలి గట్టు దాకా వస్తుంది, నీళ్ళలోకి దిగదు.

వంక దాకా ఒకటిన్నర కిలోమీటరు. గొట్టం లేకుండా నాయన అంత దూరం రాలేడు. ఆ ముక్క ఇద్దరికీ తెలుసు.

"అటక మీద పాత ఇన్వర్టరు ఉండాది" అంది భువనేశ్వరి. "నువ్వు పాతసామాన్లకు ఏస్తానంటే నేనే దాసి పెట్టినా. చెంగయ్యన్న ట్రాక్టరుకు బ్యాటరీ ఉండాది కదా."

నేను అటక ఎక్కాను, ఆమె వానలో చెంగయ్య ఇంటికి పరుగెత్తింది. ఆ పాత ఇన్వర్టరు ఒక్క బ్యాటరీతో నడిచేది. సోలార్ రాకముందు లైట్లకు వాడేవాళ్ళం. బూజు దులపకుండానే దించాను. చెంగయ్య ట్రాక్టరు ట్రాలీతో సహా వాకిట్లోకి వచ్చింది. పొద్దున మూడు ఫోన్లు తెచ్చిన మనిషి, ఒక్క ప్రశ్న కూడా వేయకుండా బ్యాటరీ మూత విప్పాడు. ట్రాక్టరు బ్యాటరీకి తీగలు తగిలించి ఇన్వర్టరును డ్రైవరు సీటు వెనక కట్టాము. ట్రాలీ మీద టార్పాలిన్ కప్పి, నాయనను మంచంతో సహా, చెంగయ్య కొడుకుతో కలిపి నలుగురం ఎత్తబోతుండగా ఇంట్లో మెషిను గుర్రు ఆగిపోయింది. ఇన్వర్టరు కీచు కూడా ఆగిపోయింది. గోడ మీద ఎర్ర చుక్క ఆరిపోయింది.

రూపేష్ చెప్పిన పదిహేను నిమిషాలు కాదు, తొమ్మిదే వచ్చాయి.

మంచం గుమ్మంలో పట్టలేదు. ఇందాక ఫోన్లు పెట్టుకోవడానికి బల్ల జరిపినవాళ్ళం, దాన్ని దారికి అడ్డంగా వదిలేశాం. బల్లను తన్ని పక్కకు నెట్టాను. వేలికి పెట్టి ఒంట్లో ఆక్సిజన్ చూసే చిన్న మెషినులో మామూలుగా తొంభై మూడు ఉండే అంకె ఎనభై నాలుగుకు దిగింది. ట్రాలీ ఎక్కించేసరికి డెబ్బై తొమ్మిది. నాయన కళ్ళు తెరిచే ఉన్నాయి కానీ దేన్నీ చూడటం లేదు. మెషిను తీగను పాత ఇన్వర్టరుకు గుచ్చాను. ఏమీ కాలేదు. మళ్ళీ తీసి గుచ్చాను. ఏమీ కాలేదు. చెంగయ్య బ్యాటరీ దగ్గర వంగి, తీగ కొనను పళ్ళతో గీకి, మళ్ళీ బిగించి పట్టుకున్నాడు. ఇన్వర్టరు బుస్సుమంది. ఒక నిమిషానికి మెషిను గుర్రుమంది.

నా జీవితంలో మగ్గం చప్పుడు తప్ప ఇంకో చప్పుడు అంత తియ్యగా ఉంటుందని నాకు తెలియదు.

వంక నీళ్ళు ఎర్రగా, ముళ్ళకంపలను మోసుకుంటూ రోడ్డు మీదుగా పారుతున్నాయి. ట్రాక్టరు ఇంజను ఆగకూడదని చెంగయ్య ముందే చెప్పాడు. ఆగితే పాత బ్యాటరీ ఎంతసేపు లాగుతుందో చెప్పలేనన్నాడు. చక్రాలు సగం మునిగాయి. ట్రాలీ ఒక పక్కకు జరిగింది. భువనేశ్వరి మెషిను తడవకుండా దాన్ని ఒళ్ళోకి తీసుకుని కావలించుకుంది. నేను నాయన ముక్కు దగ్గర గొట్టాన్ని చేత్తో పట్టుకుని కూర్చున్నాను. దాంట్లోంచి వచ్చే సన్నటి గాలి నా వేళ్ళకు తగులుతోంది. ఆ గాలి తప్ప ఇంకే లెక్కనూ నేను నమ్మదలచుకోలేదు. క్షమించు నాయనా అన్నాను. ఇంజను మోతలో ఆయనకు వినపడి ఉండదు. ఆ ఒక్క మాటను నేను అరవలేదు.

అవతలి గట్టు మీద నూటెనిమిది వాళ్ళు సిలిండరుతో నీళ్ళలోకి మోకాటి లోతు దిగి ఎదురొచ్చారు. గొట్టం మార్చారు. అంకె ఎనభై ఒకటి, ఎనభై ఆరు. తొంభై దాటిన తర్వాత నేను గట్టు మీద కూలబడ్డాను. చెంగయ్య నా పక్కనే కూర్చుని, పొద్దున మా ఇంట్లో నాలుగు బిందెలు పట్టుకున్నానని తనకు తానే చెప్పుకుంటున్నట్టు అన్నాడు. నీ తప్పేమీ లేదన్నాను. అదే నిజం.

ఆరు రోజులకు నాయనను ఇంటికి తెచ్చాము. అంతకు ముందే రూపేష్ వచ్చి మీటరును మిద్దె మీదికి, పలకల పక్కకు మార్చాడు. బ్యాటరీల్లో ఎంత మిగిలిందో చూపించే చిన్న తెర ఒకటి కింద మంచానికి ఎదురుగా పెట్టాడు. ఇప్పుడు మబ్బు రోజుల్లో మా పలకలు రెండు యూనిట్లు కూడా ఇవ్వవని తెలిసింది. పెద్ద సిలిండరు తిరిగి వచ్చి పాత చోటే నిలబడింది. మొదటి రోజే నా బొటనవేలికి తగిలింది. దాన్ని చుట్టి నడిచాను.

గోడ మీది సుద్ద రాతలను భువనేశ్వరి తుడవనివ్వలేదు. ఉండనీ, నీకే మంచిదంది.

ఆ మర్నాడు నాలుగు మగ్గాలూ వేశాను. అరగంట కాలేదు, నాయన మంచంలోంచి చెయ్యెత్తాడు. నేను ఒక మగ్గం ఆపాను. తర్వాత రెండోది, మూడోది, నాలుగోది. ఇంట్లో చప్పుడు మొత్తం అణిగాక వెళ్ళి పక్కన కూర్చున్నాను. ఏం కావాలని అడిగాను.

"ఏం లేదప్పా. ఆపుతావో లేదో సూద్దామని" అన్నాడు.

కోపం రాలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అవి ఆయన చూశాడు. లేచి వెళ్ళి మగ్గాలు వేశాను. మధ్యాహ్నంలోపల ఇంకో రెండుసార్లు చెయ్యెత్తాడు. రెండుసార్లూ నాలుగు మగ్గాలూ ఆపాను.